కార్పొరేషన్ బడ్జెట్ వందల కోట్లు, మా వీధి కాలవకు మాత్రం డబ్బుల్లేవంటారేం?

ఏటా ఇంటి పన్ను పెరుగుతున్నా వీధి కాలవ బాగుపడదేం, అద్దెకుండేవాళ్లకు కూడా భారమేనా అని అడిగారు. ఒంగోల్లో మాకు రెండు పోర్షన్ల ఇల్లుంది, ఒకటి అద్దెకిచ్చాం. పన్ను కట్టేదీ అద్దె ఎంతో చెప్పేదీ నేనే కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు పేపర్లో వేసే ఆ మొత్తం అంకెను పక్కన పెట్టండి. అందులో చాలావరకు ఫలానా పనికేనని ముడిపెట్టి వచ్చే డబ్బు. కేంద్రం డబ్బును రాష్ట్రాలకూ ఊళ్లకూ ఎలా పంచాలో చెప్పేది ఆర్థిక సంఘం. 2021-26కి 15వ ఆర్థిక సంఘం ఇప్పించిన గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికే పోవాలన్నారు, మిగతా 40 శాతంతో జీతాలివ్వకూడదన్నారు. పట్టణాల్లో నీళ్లు, మురుగు పనులకని కేంద్రం పెట్టిన అమృత్ పథకం నిధులు ఆ పనులకే. మీ కాలవకు డబ్బు గ్రాంటులో అలా ముడిపెట్టని భాగంలోంచో, సాధారణ నిధిలోంచో రావాలి. సాధారణ నిధి అంటే మన ఇంటి పన్ను, కుళాయి చార్జీలు, షాపుల అద్దెలు, ప్లాన్ ఫీజులు. మళ్లీ కరెంటు బిల్లులకీ, మోటార్ల రిపేర్లకీ దాన్నే తవ్వుతారు.

బడ్జెట్ పుస్తకం దొరికితే వచ్చే ఏటి అంచనా ఒక్కటే చూసి మురిసిపోకండి. నిరుడు అసలు ఎంత ఖర్చయింది, ఈ ఏడు సవరించిన అంచనా ఎంత అన్నవి పక్కనే ఉంటాయి. మొదట కోటి రాసి, సవరణకొచ్చేసరికి పది లక్షలైన పద్దు కనిపిస్తే ఆ పని మూలపడ్డట్టే.

ఇక పన్ను. 2021 ఏప్రిల్ నుంచి ఇంటికి ఎంత అద్దె వస్తుందన్న లెక్క పోయి, ఆస్తి ఖరీదు ఎంతన్న మూలధన విలువ లెక్క వచ్చింది. కొత్త పన్ను ఒక్కసారే మోపకుండా ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని పరిమితి పెట్టారు. వినడానికి తక్కువే. కానీ ఇది చక్రవడ్డీ లాంటిది, 1,000 రూపాయలు ఐదు పెంపులకి 2,011 అవుతాయి. కౌన్సిల్ కొత్తగా ఏమీ పెంచకపోయినా బిల్లు పెరిగేది అందుకే. ఏప్రిల్ 30లోపు ఏడాది పన్నంతా కట్టేస్తే 5 శాతం రాయితీ ఉంది, అది వదులుకోకండి. చెత్త పన్ను రద్దు చేస్తున్నామని 2024లో చెప్పినప్పుడు అందరం సంతోషించాం గానీ, చెత్త బండికి డీజిల్ ఎవరో ఒకరు పోయించాలిగా!

అద్దెకున్నవాళ్లకు పన్ను నోటీసు రాదు. వాళ్లకు అసలు టెన్షన్ నీళ్లతో. ఒంగోలు చెరువులు నిండేది సాగర్ కాలువతో. వేసవిలో కాలువ ఆలస్యమైతే కుళాయి వదిలే రోజుల మధ్య ఎడం పెరుగుతుంది. కుళాయి వదిలే రోజు మా కింది పోర్షన్లో అద్దెకున్న ఆవిడ తెల్లారకముందే మోటారేసి సంపు నింపి, డ్రమ్ములు, బిందెలు, ఆఖరికి పప్పు కుక్కరు కూడా నింపి పెట్టుకుంటుంది. అవీ అయిపోతే టాంకరే. ఆ డబ్బు ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనపడదు. నిజం చెప్పాలంటే, అద్దె పెంచేటప్పుడు నేను పన్ను కంటే టాంకర్ల ఖర్చే ఎక్కువ లెక్కేస్తాను.

కాలవ సంగతి బడ్జెట్ సమావేశం అయ్యాక అడిగితే లాభం లేదు. అంతకు ముందే ఫలానా వీధి, ఇన్ని మీటర్లు అని రాసి వార్డు సచివాలయంలో ఇచ్చి, మీ కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోండి.