గుండె ఉలిక్కిపడ్డాక

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ కథా అందాయి. కథ రెండుసార్లు చదివాను, ఉత్తరం మూడుసార్లు చదివాను. కథలో కన్నా ఉత్తరంలోనే నువ్వు ఎక్కువ కనిపించావు. ‘మనిషి పుట్టుకతో మంచివాడా చెడ్డవాడా తేల్చుకోనిదే రెండో కథ రాయలేను’ అన్నావు. ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఈ ప్రశ్నతో నలభై ఏళ్లుగా నేనూ వేగుతున్నాను. అందుకే ఆలస్యమైనా వివరంగా రాస్తున్నాను.

ముందు నీ కథ సంగతి. అన్న పోయాక ఆస్తి కాగితాలు తన పేరు మీదికి మార్చుకుని, వదినను ఇంట్లోంచి పంపేసిన మరిది కథ. మూడో పేజీలో అతను అడుగుపెడుతూనే కుక్కను తన్నాడు. నాలుగో పేజీలో పనివాణ్ని తిట్టాడు. ఐదో పేజీలో వదిన వంక చూసి పళ్లు కొరికాడు. ఆరో పేజీకి వచ్చేసరికి అతను ఏం చేయబోతున్నాడో నాకు తెలిసిపోయింది. అందుకే చేసినప్పుడు మనసు కదల్లేదు. వదిన సంగతీ అంతే. ఆమె పల్లెత్తు మాట అనదు, ఆమె మనసులో కూడా ఎవరి మీదా కోపం లేదు. ఇద్దరి స్వభావాలూ నువ్వు ముందే నిర్ణయించేశావు. ఇక వాళ్లకు నీ కథలో చేయడానికి పనేమీ మిగల్లేదు.

మహాభారతం చివర్లో స్వర్గానికి చేరిన ధర్మరాజుకు ఎవరు కనిపించారో గుర్తు తెచ్చుకో. ఆసనం మీద వెలిగిపోతూ కూర్చున్న దుర్యోధనుడు! తమ్ముళ్లూ ద్రౌపదీ ఏరీ అని వెతికితే నరకంలో వాళ్ల గొంతులు వినిపించాయి. ధర్మరాజు దేవతల మీద, ధర్మం మీద కూడా మండిపడ్డాడు. అంత పెద్ద కథ నడిపిన కవి, ఆఖరి పర్వంలో కూడా ఎవరు ఎటువంటివాళ్లు అన్న లెక్కను తేలిగ్గా మూసెయ్యలేదు. నువ్వు ఆరు పేజీల్లో మూసేశావు.

ఇప్పుడు నీ ప్రశ్న. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో చైనా తత్త్వవేత్త మెన్షియస్ ఒక ఉదాహరణ చెప్పాడు. ఒక పసివాడు బావిలో పడబోతున్నాడు. అది చూసినవాడు ఎవడైనా సరే, అతని గుండె ఉలిక్కిపడుతుంది. ఆ పిల్లవాడి తల్లిదండ్రుల మెప్పు పొందాలని కాదు, ఇరుగుపొరుగువాళ్లు పొగుడుతారని కాదు, పసివాడి ఏడుపు చెవినపడటం ఇష్టం లేక కూడా కాదు. ఊరికే, తనంతట తానుగా ఉలిక్కిపడుతుంది. మనిషిలోని మంచికి అదే మొలక అన్నాడాయన.

ఇది మొదటిసారి చదివినప్పుడు ఆయన చెప్పనిది కూడా నేను కలిపి చదువుకున్నాను. చూసినవాడు పరుగెత్తి పిల్లవాణ్ని పట్టుకున్నాడని అనుకున్నాను. చాలా ఏళ్లకు మళ్లీ చదివితే తెలిసింది, ఆ మాట అందులో లేదు. గుండె ఉలిక్కిపడుతుంది అన్నాడు, అంతే. కాళ్లు కదిలాయో లేదో చెప్పలేదు.

ఆ తర్వాతి శతాబ్దంలో మరో చైనా తత్త్వవేత్త షున్‌జి ఆయనకు ఎదురు నిలిచాడు. మనిషి స్వభావం చెడ్డదేననీ, మంచి అన్నది పట్టుబట్టి సాధించుకునేదేననీ వాదించాడు. వంకర కర్రను ఆవిరి పట్టి, చట్రంలో బిగిస్తే గాని తిన్నబడదన్నది ఆయన ఉపమానం. వీళ్లిద్దరినీ ఎదురుబదురు పక్షాలుగానే చెబుతుంటారు. నాకు మాత్రం ఒకాయన గుండె గురించి, ఇంకొకాయన కాళ్ల గురించి మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది. 1651లో హాబ్స్, 1755లో రూసో అనే తత్త్వవేత్తలు ఐరోపాలో ఇదే తగవు మళ్లీ లేవదీశారు గాని, వాళ్ల చూపు ఎక్కువగా రాజ్యం మీద, సమాజం మీద ఉంటుంది. తీరిక ఉన్నప్పుడు చదువుకో. కథ రాసేవాళ్లకు ఆ బావిగట్టు చాలు.

గుండెకూ కాళ్లకూ మధ్య ఉన్న ఈ ఎడం నాకు పుస్తకాల్లో తెలియలేదు. ముప్పై ఏళ్ల కిందట ఒక బస్టాండులో తెలిసింది. పర్సు కొట్టేశాడని ఒక కుర్రవాణ్ని పట్టుకున్నారు. పద్నాలుగేళ్లుంటాయేమో. నలుగురు కొడుతున్నారు, పాతికమంది చుట్టూ నిలబడి చూస్తున్నారు. ఆ పాతికమందిలో నేనూ ఉన్నాను. తోపులాటలో వాడి చెప్పు ఒకటి ఊడి వచ్చి నా కాలి దగ్గర పడింది. తెగిన పట్టీని తెల్లదారంతో కుట్టుకున్న చెప్పు. కుట్లు వంకరటింకరగా ఉన్నాయి. తనే కుట్టుకుని ఉంటాడు. దాన్ని చూడగానే నాకు కడుపులో దేవినట్టయింది. అయినా నేను చేసిందేమిటో తెలుసా? నా చేతిసంచిని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

ఒక ముసలావిడ నెత్తి మీది మూట దించి, మనుషులను రెండు చేతులతో పక్కకు జరుపుకుంటూ లోపలికి వెళ్లింది. అరవలేదు. ‘పిల్లాడు. ఇక చాలు’ అంది. నా పక్కన నిలబడినాయన ‘అవును, చాలు’ అన్నాడు. అప్పుడు నేనూ అన్నాను. మూడో గొంతు నాది. నిమిషంలో చేతులు దిగిపోయాయి. కొట్టిన నలుగురిలో ఒకడు వెళ్లి నీళ్లు తెచ్చి ఆ కుర్రవాడి చేత తాగించాడు. పిడికిలి బిగించిన చెయ్యే గ్లాసు పట్టుకుంది.

ఆ ఏడాదే దాన్ని కథగా రాశాను. అందులో ‘ఇక చాలు’ అన్న మాట ముసలావిడ చేత అనిపించలేదు. కథ చెబుతున్న ‘నేను’ చేత అనిపించాను. అచ్చయింది, బాగుందన్నారు. ఆ కథను ఏ సంపుటిలోనూ చేర్చలేదు. సిగ్గు ఒక్కటే కారణం కాదు. ఆ అబద్ధం వల్ల అసలు కథే పోయింది. మంచివాడైన ఒక ‘నేను’, చెడ్డవాళ్లైన నలుగురు మిగిలారు. దారం కుట్టిన చెప్పును చూసి కూడా కదలని మనిషి, కొట్టిన చేత్తోనే నీళ్లు పట్టిన మనిషి, ఇద్దరూ మాయమైపోయారు. రాయదగ్గవాళ్లు వాళ్లిద్దరే.

1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన ప్రయోగాల గురించి నువ్వు వినే ఉంటావు. పక్క గదిలో ఉన్న మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా అతనికి కరెంటు షాకు ఇవ్వాలి, ప్రతిసారీ మోతాదు పెంచుతూ పోవాలి. నిజానికి షాకు ఎవరికీ తగలదు, ఆ సంగతి మీట నొక్కేవాళ్లకు తెలియదు. 40 మందిలో 26 మంది ఆఖరి మీట దాకా, అంటే 450 వోల్టుల దాకా వెళ్లారు. మనిషి చెడ్డవాడనడానికి ఈ 26ను సాక్ష్యంగా చూపిస్తుంటారు. ఆ నివేదికలో నన్ను పట్టుకున్నది వేరే విషయం. వాళ్లలో చాలామందికి చెమటలు పట్టాయి, ఒళ్లు వణికింది, మాట తడబడింది, గోళ్లు ఒంట్లోకి దిగేలా గుచ్చుకున్నారు. గుండె అనాల్సింది అంటూనే ఉంది, వేలు నొక్కాల్సింది నొక్కుతూనే ఉంది. ఇంకో విడత ప్రయోగంలో పక్కన కూర్చున్న ఇద్దరు ‘మేం ఇక చేయం’ అని లేచారు. ఆ ఇద్దరూ ప్రయోగం చేసేవాళ్లు పెట్టిన మనుషులే. వాళ్లు లేచాక 40 మందిలో ఆఖరి మీట దాకా వెళ్లింది నలుగురే. ఇది చదివినప్పుడు నాకు ఆ ముసలావిడ గుర్తొచ్చింది.

ఇంతకన్నా చీకటి కూడా ఉంది, దాని నుంచి నువ్వు కళ్లు తిప్పుకోకూడదు. 1942 జులైలో పోలండ్‌లోని యూజెఫూఫ్ అనే ఊరికి నాజీ జర్మనీ రిజర్వు పోలీసు దళం ఒకటి వెళ్లింది. అందులో సుమారు 500 మంది, ఎక్కువమంది నడివయసువాళ్లు, పిల్లాపాపలున్నవాళ్లు. ఊళ్లోని యూదు స్త్రీలను, పిల్లలను, ముసలివాళ్లను కాల్చి చంపాలని వాళ్లకు ఆజ్ఞ. వాళ్ల కమాండరు కంటతడి పెట్టుకుంటూ ఆ మాట చెప్పాడు. చేయలేననుకునే పెద్ద వయసువాళ్లు పక్కకు రావచ్చని కూడా అన్నాడు. అప్పటికప్పుడు చేయలేమని పక్కకు వచ్చినవాళ్లు డజను మంది దాకా ఉంటారు. సాయంత్రానికి సుమారు 1500 మందిని చంపేశారు. ఆ కన్నీళ్లను మంచితనం కింద జమ కట్టడానికి నాకు మనసొప్పదు. వాటిని దాచిపెట్టి ఆ కమాండరును పళ్లు కొరికే రాక్షసుడిగా రాయడానికీ మనసొప్పదు. అలా రాస్తే చదివేవాడు ‘నేను అలాంటివాణ్ని కాదు’ అనుకుని నిశ్చింతగా నిద్రపోతాడు.

నా నమ్మకం ఏమిటని అడుగుతావు. ఆ ఉలికిపాటు దాదాపు అందరిలోనూ ఉంటుందని నమ్ముతాను. ఏడాదిన్నర పిల్లల మీద 2006లో ప్రచురించిన ప్రయోగాలున్నాయి. ముక్కూమొహం తెలియని పెద్దమనిషి చేతిలోంచి వస్తువు జారి, అందుకోలేక అవస్థ పడుతుంటే, చాలామంది పిల్లలు ఎవరూ అడక్కుండానే తప్పటడుగులతో వెళ్లి తీసి ఇచ్చారు. వాళ్లకు గుండెకూ కాళ్లకూ మధ్య ఎడం ఇంకా పెరగలేదు. ఆ ఎడాన్ని మనం తర్వాత మాటలతో నింపుకుంటాం. ‘నాకెందుకు’, ‘పైవాళ్లు చెప్పారు’, ‘వాడికి అలా కావాల్సిందే’, ‘నేనొక్కణ్నీ ఆపితే ఆగుతుందా’. ఈ మాటలను జాగ్రత్తగా విను. ఎవరు ఏ గొంతుతో, దేన్ని చూడకుండా తప్పించుకోవడానికి అంటున్నారో గమనించు. నీ మరిది కూడా ఇలాంటి మాట ఏదో తనకు తాను చెప్పుకునే ఉంటాడు. అది నీ కథలో ఎక్కడా లేదు.

ఇంకొక మాట, ఇది మన చేతిలో ఉన్న కలానికి సంబంధించింది. 1964 మార్చిలో న్యూయార్క్‌లో కిటీ జెనొవీస్ అనే యువతిని ఇంటి దగ్గరే పొడిచి చంపారు. 38 మంది చూస్తూ ఊరుకున్నారని న్యూయార్క్ టైమ్స్ రాసింది. ప్రపంచమంతా నమ్మింది, పాఠ్యపుస్తకాలకు కూడా ఎక్కింది. తర్వాత తేలిందేమిటంటే, అంతమంది చూడనే లేదు. కిటికీలోంచి ఒకాయన కేక వేస్తే హంతకుడు అప్పటికి వెనక్కి తగ్గాడు. హంతకుడు ఇంకా అక్కడే ఉన్నాడేమో తెలియకపోయినా ఒక పొరుగింటామె మెట్లు దిగి పరుగెత్తి, ప్రాణం పోతున్న ఆ అమ్మాయిని ఒళ్లోకి తీసుకుంది. తన కథనం లోపాలతో నిండినదని 2016లో ఆ పత్రికే ఒప్పుకుంది. యాభై ఏళ్ల పాటు ఎందరో ఆ 38 మందిని తలుచుకుని తమ ఇరుగుపొరుగును అనుమానించారు. మెట్లు దిగిన ఆమెను తలుచుకున్నవాళ్లు చాలా తక్కువ. నువ్వు తీపి కథలు రాయాలని కాదు నేను చెప్పేది. కొందరు కదల్లేదన్నది నిజమే, అది రాయాల్సిందే. ఆమె దిగిన మెట్లు కూడా అంతే నిజం కాబట్టి వాటినీ రాయాలి.

ఇప్పుడు నీ కథకు తిరిగి రా. కుక్కను తన్నడం, పళ్లు కొరకడం తీసెయ్యి. వదిన సంచీ పట్టుకుని గుమ్మం దాటుతున్న ఆ రాత్రి దగ్గరికి వెళ్లి నిలబడు. మెట్ల మీద చీకటిగా ఉందని రాశావు. లైటు స్విచ్చి మరిది చేతికి అందేంత దూరంలోనే ఉంది. అతను దాన్ని వేస్తాడా? వేసి, ఆమె దిగేదాకా ఆగి, ఆ తర్వాత తలుపు గడియ పెడతాడా? వేయబోయి చెయ్యి వెనక్కి తీసుకుంటాడా? అప్పుడు తనకు తాను ఏం చెప్పుకుంటాడు? వదిన కూడా ఆ నిమిషంలో దేవతగా ఉండనక్కర్లేదు. అతని పసిబిడ్డ లోపల ఏడుస్తుంటే, ఆ ఏడుపు విని ఆమెకు ఒక్క క్షణం సంతోషం కలిగిందేమో అడిగి చూడు. కలిగితే, ఆ సంతోషంతో ఆమె ఏం చేస్తుందో చూడు.

నాకు జవాబు తెలియదు. వాళ్లు నీ మనుషులు, నీకే తెలియాలి. రెండో కథ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ గుమ్మం దగ్గరి పేజీ ఒక్కటి తిరగరాసి పంపు. కొట్టివేతలు ఉన్నా పరవాలేదు, చిత్తుప్రతినే పంపు.

నీ మేలు కోరే
పెద్దవాడు