అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫర్ వచ్చింది, చేరమంటారా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ చేసిన మా అమ్మాయికి ఎనిమిది నెలలుగా ఐటీలో ఏదీ కుదరలేదు. ఇప్పుడు అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో ట్రైనీ అప్రైజర్‌గా ఆఫర్ వచ్చింది. జీతం తక్కువ. ఇంత చదివి ఇంటి పన్ను వసూలు చేసే ఉద్యోగమా అని మా ఆవిడ బెంగ పెట్టుకుంది.

జవాబు: మేడమ్‌గారికి ముందు ఈ మాట చెప్పండి సర్, మీ అమ్మాయి పన్ను వసూలు చెయ్యదు. మన మున్సిపాలిటీ బిల్ కలెక్టర్ గుర్తొచ్చినట్టున్నారు. టెక్సస్‌లో డబ్బు కట్టించుకునే ఆఫీసు వేరు. అప్రైజల్ డిస్ట్రిక్ట్ చూసేది జనవరి 1 నాటికి ఏ ఇల్లు ఎంత చేస్తుందన్నదే, ఆ విలువను బట్టే పన్ను పడుతుంది.

ఆ పనికి ఆమె చదువు బాగా పనికొస్తుంది. ఇల్లు ఎంతకు అమ్ముడుపోయిందో చెప్పి తీరాలన్న చట్టం అక్కడ లేదు కాబట్టి దొరికిన కొద్ది ధరలతోనే మోడల్ కట్టి వేల ఇళ్లకు ఒకేసారి విలువ వేయాలి, వేశాక ఆ విలువ అమ్మిన ధరలో ఎంత వంతో నిష్పత్తి తీసి సరిచూసుకోవాలి. ఆ నిష్పత్తి చిన్న ఇళ్లకు ఎక్కువగా, పెద్ద ఇళ్లకు తక్కువగా వస్తోందంటే పేదవాళ్ల మీద అన్యాయంగా భారం పడుతున్నట్టే. దాన్ని పట్టుకోగలిగే మనిషి ఆ ఆఫీసులో ఉండటం నా దృష్టిలో చాలా పెద్ద విషయం.

నన్నడిగితే జీతం కన్నా ముందు ఆఫీసు బడ్జెట్ చూడాలి. దాన్ని నడిపే ఖర్చును కౌంటీ, సిటీలు, స్కూల్ డిస్ట్రిక్టులు తాము వేసే పన్ను దామాషాలో పంచుకుంటాయి, సాధారణంగా స్కూళ్ల వాటాయే పెద్దది. వీటిలో సగానికి పైగా కాదని తీర్మానం చేస్తే బడ్జెట్ ఆగిపోతుంది కూడా. అందుకే కొత్త కాలనీలు లేచినంత వేగంగా కొత్త మనుషుల్ని తీసుకుంటారని అనుకోకండి. ఒక్కో అప్రైజర్ చేతిలో ఎన్ని ఇళ్లున్నాయి, పోయినేడాది ఎంతమంది మానేశారు, కోర్సుల ఫీజు ఎవరు కడతారు... ఈ మూడూ అడగమనండి. మనుషులు చాలకపోతే ఇల్లు దగ్గరికెళ్లి చూసే తీరిక ఉండదు, పైనుంచి తీసిన ఫొటోలతోనే సరిపెట్టాల్సి వస్తుంది. ఫొటోలో కప్పు బాగానే కనిపిస్తుంది. కింద ఫౌండేషన్ కుంగి గోడ మూలన వేలు దూరేంత పగులుంటే అదెలా తెలుస్తుంది?

లైసెన్స్ సంగతి టెన్షన్ పడక్కర్లేదు. రాష్ట్ర లైసెన్సింగ్ శాఖలో పేరు నమోదు చేయించుకుని, కోర్సులు, పరీక్షలు పూర్తి చేసి, 5 ఏళ్లలోపు రిజిస్టర్డ్ ప్రొఫెషనల్ అప్రైజర్ కావాలి. తర్వాత ప్రైవేటు ట్యాక్స్ కన్సల్టింగ్ వైపూ వెళ్లొచ్చు.

మే నుంచి జులై దాకా మాత్రం సెలవు మాటెత్తకండి. ఇంటి విలువ నోటీసులు అందుకున్నవాళ్లు ఎక్కువ వేశారని ప్రొటెస్ట్ వేసి, ఫొటోలు పట్టుకుని కోపంగా వస్తారు, బహుశా మీరూ ఏటా వెళ్తూనే ఉంటారు, ఇక నుంచి కౌంటర్‌కి అటువైపు కూర్చునేది మీ అమ్మాయే. నలుగురితో ఓపిగ్గా మాట్లాడలేకపోతే ఆ మూడు నెలలూ నరకం. అందుకే సరేననే ముందు, ఫీల్డ్ అప్రైజర్‌తో ఒకరోజు తిరగనిస్తారేమో ఫోన్ చేసి కనుక్కోమనండి. ఒప్పుకుంటే చెప్పులతో కాకుండా బూట్లు వేసుకుని వెళ్లమనండి, పెరళ్లలో కుక్కలుంటాయి.