ఆర్‌సీ బగ్గీకి డాగ్‌బోన్లు తీసేసి నాలుగు చక్రాలకూ సీవీడీలు వేయాలా?

తమ్మీ, రిమోట్‌తో నడిచే నీ 1/10 సైజు ఫోర్ వీల్ డ్రైవ్ బగ్గీకి కంపెనీ ఇచ్చిన డాగ్‌బోన్లే (రెండు చివరలా పిన్నుతో కప్పుల్లో ఊరికే కూర్చుని చక్రాన్ని తిప్పే కడ్డీలు) ఉన్నాయన్నావు. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఫ్రంట్ చక్రాలు గడగడలాడుతున్నాయి, మొరం మీద దూకిస్తే వెనక షాఫ్టు ఊడిపోతోంది, నాలుగింటికీ స్టీలు సీవీడీల (చక్రం వైపు పిన్నుతో బిగించిన జాయింటు ఉండే షాఫ్టుల) సెట్టు కొనాలా అని అడిగావు. ఫ్రంట్‌కు రెండు కొను. వెనక వాటికి ఇప్పుడే డబ్బు పెట్టకు.

నాలుగూ ఒకేసారి మార్చి దెబ్బతిన్నవాణ్ణి నేను. హన్మకొండలో మా ఇంటి వెనక ఖాళీ ప్లాట్లే నా ట్రాకు. కొత్త షాఫ్టులు వేసిన మొదటి ఆదివారమే వెనక చక్రం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంది. నేను థ్రాటిల్ వదల్లేదు. పాత డాగ్‌బోన్ అయితే ఎగిరి పక్కన పడేది, వెతికి మళ్లీ పెట్టుకునేవాణ్ణి. ఈసారి షాఫ్టుకు ఏమీ కాలేదు కానీ డిఫ్‌లో (రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల డబ్బాలో) ప్లాస్టిక్ గేరు పళ్లు రాలిపోయాయి. అన్నాళ్లూ ఆ డాగ్‌బోన్ ఫ్యూజు పని చేసిందన్నమాట.

ఇక గడగడ సంగతి. రోటవేటర్ కట్టిన ట్రాక్టరును చూసే ఉంటావు. పీటీఓ (ఇంజను నుంచి రోటవేటర్‌ను తిప్పే షాఫ్టు) ఆపకుండా రోటవేటర్‌ను బాగా పైకెత్తితే క్రాసుల (షాఫ్టు వంగే జాయింట్ల) దగ్గర షాఫ్టు కొట్టుకుంటుంది. నీ బగ్గీలోనూ అదే కథ. క్రాసు వంకరగా తిరిగితే ఇటు మోటారు ఒకే వేగంతో తిప్పుతున్నా అటు చక్రం ఒక్కో చుట్టుకు రెండుసార్లు తగ్గుతూ, రెండుసార్లు పెరుగుతూ తిరుగుతుంది. వంపు 10 డిగ్రీలుంటే ఆ తేడా ఒకటిన్నర శాతమే, చేతికి తెలియదు. 30 డిగ్రీలకు వేగం 0.87 నుంచి 1.15 రెట్ల మధ్య ఊగుతుంది. వెనక చక్రాలు పక్కకు తిరగవు, వాటికి వచ్చేది సస్పెన్షన్ వంపు ఒక్కటే. అందుకే గోల అంతా ఫ్రంట్‌లో.

పేరు చూసి మోసపోకు. సీవీడీ అంటే స్థిరవేగపు షాఫ్టు అని అర్థమే కానీ, మనకు దొరికే వాటిలో ఎక్కువ భాగం లోపల ఒక గుండు, దాని గుండా ఒక పిన్ను, అంతే. లెక్కకు అదీ ఒంటి క్రాసే. నిజం కార్ల ఫ్రంట్ చక్రాల దగ్గర ఆరు స్టీలు గోలీలతో ఉండే సీవీ జాయింటుకూ దీనికీ పేరే కలిసింది. మరి ఎందుకు కొనమంటున్నానంటే, ఎక్కువ వంపులోనూ ఊడదు, లూజు తక్కువ, కప్పు తొందరగా అరగదు. వణుకు కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. పూర్తిగా పోవాలంటే డబుల్ జాయింటు కావాలి. వంపును రెండు క్రాసులు చెరిసగం పంచుకుని ఒకదాని తేడాను ఇంకొకటి కొట్టేస్తాయి. కార్పెట్ మీద రేసులాడే వాళ్లకు అది బాగుంటుంది. మన ఎర్రమట్టిలో మాత్రం అరిగే పిన్నులు రెట్టింపవుతాయి. నేనైతే వేయను.

కొనే ముందు పైసా ఖర్చు లేని పని ఒకటి చెయ్యి. రిమోట్ మీద స్టీరింగ్ డీ/ఆర్ నాబ్ (చక్రం ఎంత వరకు తిరగాలో తగ్గించేది) ఉంటే కొంచెం తగ్గించి నడుపు. గడగడ ఆగిందంటే వంపుదే తప్పు. నేను ఇప్పటికీ అలా తగ్గించే నడుపుతాను, మలుపు కాస్త పెద్దదైనా పర్వాలేదు.

వెనక షాఫ్టు ఊడటానికి కారణం వేరే ఉండొచ్చు. బండిని చేత్తో పైకెత్తి చక్రాన్ని కిందికి వేలాడనివ్వు. పిన్ను కప్పు అంచు దాకా వస్తోందా? వస్తే షాకు (షాక్ అబ్జార్బర్) లోపల చిన్న స్పేసర్ వేసి చక్రం అంత కిందికి జారకుండా ఆపు. తర్వాత షాకు విప్పి చక్రాన్ని మోసే ఆర్మ్‌ను పైదాకా ఎత్తి చూడు, అక్కడ షాఫ్టు కొద్దిగానైనా అటూ ఇటూ కదలాలి. బిగుసుకుంటే బేరింగు పోతుంది. షాఫ్టు ఆ కదలిక మరీ ఎక్కువగా ఉంటే కప్పులో చిన్న ఓ-రింగు వేస్తే సరిపోతుంది. కప్పు గాడిలో గోరు పెట్టి గీకు. మెట్టులా తగిలితే అరిగినట్టే, కొత్త షాఫ్టు వేసినా నిలవదు, కప్పు కూడా మార్చాలి.

సీవీడీ నీ మోడల్‌కు చేసిందే తీసుకో. పొడవు ఒకటి కలిస్తే చాలదు, బేరింగు సైజూ చక్రం కూర్చునే హెక్స్ పిన్నూ కూడా కలవాలి. జాయింటు పిన్నును పట్టుకునే గ్రబ్ స్క్రూకు (తల లేని చిన్న స్క్రూ) నూనె తుడిచేసి నీలం రంగు థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) వెయ్యి. నేను వేయలేదు. మూడో రోజు స్క్రూ, పిన్ను రెండూ మొరంలో కలిసిపోయాయి, చక్రం ఒంటరిగా తుమ్మ పొదల్లోకి దొర్లింది. పిన్ను బదులు మేకు ముక్క కోసి పెడితే ఒక్క రౌండుకే వంగింది. చివరికి 2 ఎంఎం డ్రిల్ బిట్ కాడను గ్రైండర్ మీద కోసి పెట్టాను, అదే ఇంకా నడుస్తోంది. ఇలాంటి కోతకు కళ్లద్దాలు తప్పనిసరి.

గ్రీజు దట్టంగా పూయకు. దుమ్ము అంటుకుంటే వాల్వులు రుద్దే పేస్టులా తయారై జాయింటునే తినేస్తుంది. ఆట అయ్యాక బ్రష్షుతో దులిపి, పిన్ను దగ్గర ఒక్క చుక్క పల్చటి నూనె వేసి, పైన తుడిచెయ్యి. ముందు ఆ కప్పు గాడి చూసి, గోరు తగిలిందో లేదో చెప్పు, వెనక కప్పులు మార్చాలో లేదో అప్పుడు చూద్దాం.