వారానికి ఒకటి రెండుసార్లు చేనికి పోవడానికి ఫోర్‌వీల్ డ్రైవ్ కావాలా?

ప్రశ్న: అనంతపురంలో ప్రభుత్వ టీచరును. జీతం చేతికి 78,000 వస్తుంది. ఇంటి లోను ఈఎంఐ 14,000. విడపనకల్లు దగ్గర ఆరెకరాల నల్లరేగడిలో పప్పుశనగ వేస్తాం. వారానికోసారి, పనులున్నప్పుడు రెండుసార్లు పోతాను. రోడ్డు దిగాక మూడు కిలోమీటర్లు బండిబాట. వానొస్తే కారు దిగబడుతుంది. థార్ ఫోర్‌వీల్ డ్రైవ్ ఆన్‌రోడ్ 18.5 లక్షలు, అందులోనే రెండు చక్రాల డ్రైవ్ డీజిల్ 14.5 లక్షలు అన్నారు. మా బావమరిది ఆల్‌వీల్ డ్రైవ్ గ్రాండ్ విటారా తీసుకోమంటున్నాడు. బ్యాంకులో 6 లక్షలున్నాయి. నగల మీద 3 లక్షల అప్పును ఏటా రెన్యువల్ చేయిస్తున్నాం. పాప వచ్చే ఏడాది బీటెక్‌లో చేరుతుంది. ఏది కొనమంటారు?

జవాబు: ఈ మూడింటిలో ఏదీ వద్దంటాను. ఎందుకో చెప్పాలంటే ముందు బండి సంగతి చూడాలి.

ఆల్‌వీల్ డ్రైవ్‌లో మామూలుగా ముందు చక్రాలే లాగుతాయి. అవి జారినట్టు కంప్యూటర్ గుర్తిస్తే వెనక చక్రాలకూ బలం పంపుతుంది. మీరు చేయాల్సింది పెద్దగా ఉండదు. తడి రోడ్ల మీద, ఘాట్‌లలో ఇది బాగా పనికొస్తుంది. కానీ బురదలోంచి నెమ్మదిగా, బలంగా లాగే లో రేంజ్ గేరు గ్రాండ్ విటారాలో లేదు. మీ బండిబాటకు అది అంత డబ్బు పెట్టాల్సిన బండి కాదు.

థార్ ఫోర్‌వీల్ పద్ధతి వేరు. లివర్‌ను 4హెచ్‌లో వేస్తే ముందు, వెనక ఇరుసులు రెండూ ఒకే వేగానికి కట్టుబడతాయి. 4ఎల్‌లో, అంటే ఆ లో రేంజ్ గేరులో, వేగం బాగా తగ్గి, లాగే బలం రెట్టింపుకు మించుతుంది. అయితే పొడి తారు రోడ్డు మీద అలా నడపకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి, అక్కడ రెండింటినీ కట్టేస్తే గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. అందుకే అనంతపురం నుంచి ఉరవకొండ మీదుగా వెళ్లే దారంతా మీరు 2హెచ్‌లోనే, అంటే వెనక చక్రాల మీదే నడుపుతారు. అదనంగా పెట్టిన 4 లక్షలు పనికొచ్చేది ఆ చివరి మూడు కిలోమీటర్లలో, అదీ వాన పడిన రోజుల్లోనే.

ఆ రోజుల్లోనైనా గ్యారంటీ లేదు. తడిసిన నల్లరేగడి టయరు గాళ్లలో నిండిపోయి, దాన్ని నున్నగా చేసేస్తుంది. పట్టు లేకపోతే నాలుగు చక్రాలూ ఉన్నచోటే తిరుగుతాయి. ఇంకో మాట మీకు నాకన్నా బాగా తెలుసు. కారు దిగబడేంత తడి ఉన్నప్పుడు చేలో గుంటక దిగదు, గొర్రు కదలదు. నేల పదునుకొచ్చేదాకా ఆగాల్సిందే. పదునుకొచ్చేసరికి చాలావరకు బాట కూడా ఆరుతుంది. పని లేని రోజున చేనికి చేర్చడానికి 4 లక్షలా?

ఆ 4 లక్షలు అప్పుగా వస్తాయి. 9.5 శాతం వడ్డీకి ఐదేళ్లలో తీర్చాలంటే నెలకు 8,400. మొత్తం 5 లక్షల పైమాటే. ఆ తేడాలో పన్ను వాటా కూడా పెద్దదే. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లలోపు, 1500 సీసీలోపు డీజిల్ కారుకు జీఎస్టీ 18 శాతం. థార్ ఫోర్‌వీల్ ఇంజిన్ పెద్దది కాబట్టి 40 శాతం. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం కూడా 2022 రేట్ల ప్రకారం 1500 సీసీ దాటితే 24,596, 1000 నుంచి 1500 సీసీ అయితే 10,640.

మీ 6 లక్షలూ డౌన్ పేమెంట్‌గా కట్టేసినా ఫోర్‌వీల్‌కు 12.5 లక్షల లోను కావాలి. ఈఎంఐ సుమారు 26,250. ఇంటి లోనుతో కలిపితే నెలకు 40,000 దాటుతుంది, జీతంలో సగానికి పైనే. పాప బీటెక్ నాలుగేళ్లూ ఈ అరవై నెలల్లోనే వస్తాయి. నగలు అప్పటికీ తాకట్టులోనే ఉంటాయి. నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టే విషయం ఇదే.

ముందు 3 లక్షలు కట్టి నగలు విడిపించండి. లక్ష అత్యవసరానికి ఉంచండి. మిగిలిన 2 లక్షలు డౌన్ పేమెంట్, 8 లక్షలు లోను. అంటే ఆన్‌రోడ్ 10 లక్షలు మీ హద్దు. ఈఎంఐ 16,800, ఇంటి లోనుతో కలిపి 30,800. జీతంలో 40 శాతం లోపే ఉంటుంది. గ్రౌండ్ క్లియరెన్స్ 200 మిల్లీమీటర్ల దగ్గర ఉన్న రెండు చక్రాల డ్రైవ్ కారు ఈ ధరలో దొరుకుతుంది.

బావమరిదికి నచ్చకపోవచ్చు. చేను కొండ మీదో, ఇసుక దాటి రోజూ పోవాల్సిన చోటో ఉంటే నేనే ఫోర్‌వీల్ కొనమనేవాణ్ని, అదీ సెకండ్ హ్యాండ్‌ది.

ఇన్సూరెన్స్‌లో మాత్రం ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్‌ఆన్ తప్పకుండా తీసుకోండి. 2022 అక్టోబరులో నడిమివంక అనే వాగు పొంగి అనంతపురంలో కాలనీలే మునిగాయి. నీళ్లలో ఆగిన ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేసి పాడుచేసుకుంటే మామూలు పాలసీ సాధారణంగా డబ్బివ్వదు. ఏ డ్రైవ్ ఉన్నా పారే వంకలోకి కారు దించకండి. ఇక ఆ బాట మీ ఒక్కరిదే కాదు కదా. పక్క చేల వాళ్లతో మాట్లాడి, ఎక్కువగా దిగబడే చోట్ల నాలుగు ట్రాక్టర్ల గ్రావెల్ తోలించడానికి ఎంతవుతుందో ఈ ఎండాకాలంలోనే అడగండి. విత్తనం అక్టోబరులో కాబట్టి టైం ఉంది.