అడ్రసు ముందు, బొమ్మలు తర్వాత

చిరంజీవి మేనకోడలికి,

అత్తయ్య దీవెనలు. రంగులూ జిగురూ పాత కాగితాలూ పోగేసుకున్నావు గానీ పోస్టులో పంపే బొమ్మల కవరు చెయ్యడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదన్నావు. అడ్రసు దగ్గర మొదలుపెట్టు. చాలామంది బొమ్మంతా వేసేసుకుని, ఆఖర్న అడ్రసుకి చోటు వెతుక్కుంటారు. ఇది గోడకి తగిలించేది కాదు కదా, నలుగురి చేతులు మారి, మెషిన్లలో దూరి వెళ్లాలి.

ముందు పెన్సిలుతో మూడు చోట్లు గీసిపెట్టుకో. కుడివైపు పైమూల స్టాంపుకి. మధ్యలో, కాస్త కుడికి జరిపి, అడ్రసుకి. కింది అంచు వెంట రెండు సెంటీమీటర్ల పట్టీ ఖాళీగా వదిలెయ్యి, చాలాచోట్ల సార్టింగ్ మెషిన్లు బార్‌కోడ్ కొట్టేది అక్కడే. మిగిలిందంతా నీ ఇష్టం. నీ అడ్రసు మాత్రం వెనక రాసుకో.

సైజు గురించి పెద్దగా ఆలోచించకు. 114×162 మిల్లీమీటర్ల కవరు చేస్తే, రెండుసార్లు సగానికి మడిచిన ఏ4 కాగితం హాయిగా పడుతుంది. 90×140 కన్నా చిన్నది మటుకు వద్దు, విదేశాలకి పంపే ఉత్తరానికి అదే కనీస కొలత. పాత కవరొకటి అతుకులు ఊడదీసి పరిచి, దాని చుట్టూ గీసుకుంటే అచ్చు తయారు. కాగితం 120 జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరుకి 120 గ్రాముల బరువు) అయితే రంగు తట్టుకుంటుంది, మడతా పగలదు.

అతికించడం ఓపిగ్గా నేర్చుకోవాల్సిన పని. కవరు మడవకముందే, కాగితం పరిచి ఉండగానే అతికించు. పాత మ్యాపు ముక్క వాడుతున్నావనుకో. కత్తిరించకు, చేత్తో చింపు. చింపితే ఒక ముక్కకి తెల్లటి పీచు అంచు వస్తుంది, రెండోదానికి రంగు అంచు దాకా ఉంటుంది. ఏది ఎక్కడ నప్పుతుందో పెట్టి చూసుకో. జిగురు పల్చగా, అంచుల దాకా రాయి. అంచు దగ్గర జిగురు అందలేదంటే అక్కడే లేస్తుంది, మెషిన్‌ వెళ్లి వెళ్లి దాన్నే పట్టుకుంటుంది. మధ్యలోంచి బయటికి వేలితో నొక్కుతూ గాలి తీసెయ్యి. పైనా కిందా మైనపు కాగితం పెట్టి, లావుపాటి పుస్తకాల కింద రాత్రంతా ఉంచు. హెయిర్ డ్రయర్ పెట్టి తొందరపడితే కాగితం వంకర తిరుగుతుంది. వాటర్ కలర్ వేశాక కూడా కాగితం ఒకవైపుకి చుట్టుకుంటే, వెనకవైపు తడి బ్రష్ ఒకసారి తిప్పి బరువు కింద పెట్టు, సర్దుకుంటుంది.

పొరలు మూడు దాటితే నాకు నచ్చదు. బాగుండదని కాదు, కవరు బిర్రుగా అయిపోయి మెషిన్‌లో వంగదు. బటన్లు, స్టేపుల్ పిన్నులు, లక్క సీళ్లు, వేలాడే దారాలు బయటివైపు వద్దు. లక్క ముద్ర మీద అంత మోజుంటే లోపలి ఉత్తరానికి వేసుకో. కుట్టు వేస్తే దారం కొసలు లోపలికి లాగి టేపు వెయ్యి. ఇక మెరుపుల పొడి అంటావా, అది నీ కవరు మీద ఉండదు, పక్కవాళ్ల కరెంటు బిల్లు మీద ఉంటుంది!

యాక్రిలిక్ రంగు ఆరినా కొంచెం జిగటగానే ఉంటుంది. కట్టలో పక్క ఉత్తరాన్ని అంటుకోకుండా పైన తెల్ల కొవ్వొత్తి మెల్లగా రుద్దు. అడ్రసు వాటర్‌ప్రూఫ్ ఇంకుతో, లేత రంగు మీద ముదురుగా రాసి, దాని మీదా అదే కొవ్వొత్తి రుద్దితే వాన చినుకులకి భయం లేదు. స్టాంపు చోట మాత్రం ఉత్త కాగితమే ఉండాలి. రంగు మీదా మైనం మీదా స్టాంపు నిలవదు. స్టాంపు మీద గీతలు గీయకు, చెల్లదంటారు. పాత స్టాంపులతో కొలాజ్ చేస్తే వెనకవైపే చెయ్యి, ముందు పెడితే వాడిన స్టాంపే మళ్లీ అంటించావని అనుమానపడతారు.

ఈ బొమ్మల సరదా ఈనాటిది కాదు. 1840లో బ్రిటన్‌లో తొలి స్టాంపుతో పాటే విలియం మల్రెడీ గీసిన బొమ్మ కవర్లు కూడా ప్రభుత్వం తెచ్చింది. నడిమధ్య బ్రిటన్‌కి ప్రతీకైన స్త్రీమూర్తి బ్రిటానియా కూర్చుని దేశదేశాలకీ దూతల్ని పంపుతున్న ఆర్భాటపు బొమ్మ అది. జనం పడీపడీ నవ్వారు, వెక్కిరిస్తూ కార్టూన్ కవర్లు అచ్చేశారు, సర్కారు దాన్ని వెనక్కి తీసుకోక తప్పలేదు. నాకైతే ఆ వెక్కిరింపు కవర్లే ఇష్టం. తర్వాత అమెరికాలో రే జాన్సన్ అనే కళాకారుడు ఉత్తరాలనే కళగా మార్చాడు. ఏదో అతికించి, దీనికి ఇంకొంచెం చేర్చి ఫలానావాళ్లకి పంపమని రాసేవాడు. 1970లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో పెట్టిన ఆయన ప్రదర్శనలో జనం పోస్టులో పంపినవే ఉన్నాయి. నువ్వూ అలా ఒక మూల ఖాళీగా వదిలి స్నేహితురాలికి పంపి చూడు, ఏమై తిరిగొస్తుందో!

పంపేముందు ఫొటో తీసుకో. మందంగా ఉంటే డబ్బాలో వెయ్యకు, కౌంటర్‌లో తూకం వేయించి, ముద్ర చేత్తో వెయ్యమని అడుగు. ఒక్కోసారి వేస్తారు, ఒక్కోసారి విసుక్కుంటారు. ముద్ర సరిగ్గా నీ బొమ్మ ముఖం మీద పడిందని టెన్షన్ పడకు, నాకు అలాంటివే ముచ్చటగా ఉంటాయి.

మొదటిది నాకే పంపు. అయితే లోపల ఉత్తరం కూడా ఉండాలి, ఉత్త కవరు పంపితే ఒప్పుకోను.

మీ అత్తయ్య