పద్నాలుగు నెలల గ్రేట్ డేన్‌కు క్రాసింగ్ చేయించవచ్చా?

మీ ఆడ డేన్‌కు పద్నాలుగు నెలలని, రెండోసారి ఎదకు వచ్చిందని రాశారు. తెలిసిన బ్రీడర్ ఒకాయన తన భారీ మగకుక్కతో క్రాసింగ్ చేయిద్దామంటున్నారు, పిల్లలు ఇంకా పెద్దవవుతాయి, మంచి ధర పలుకుతాయి అని ఆయన మాట. ఈసారి వద్దండి. సరిగ్గా ఇదే మాట విని నేను చెడ్డాను.

మా గ్రేట్ డేన్ గంగకు అప్పుడు పదిహేను నెలలు. గేదెదూడలా కనిపించేది కాబట్టి ఎదిగిపోయిందనే అనుకున్నాం. కానీ భారీ జాతుల్లో ఎత్తు ముందు వచ్చేస్తుంది, లోపల ఎముకలు ముదరడానికి చాలాకాలం పడుతుంది. పామరేనియన్ లాంటిది ఏడాదిలోపే ఎదుగుదల ముగించుకుంటుంది. డేన్‌కు ఏడాదిన్నర, రెండేళ్లు కావాలి. అంటే ఎదుగుతున్న పిల్ల చేతనే పిల్లల్ని మోయించామన్నమాట. కాన్పు రోజు మూడో పిల్ల బయటపడ్డాక నొప్పులు ఆగిపోయాయి. అర్ధరాత్రి దాన్ని కారులో వేసుకుని, ఆపరేషన్ చేసే డాక్టరు కోసం ఊరంతా తిరిగాం. గంగ బతికింది. ఏడింటిలో రెండు పిల్లలు పోయాయి.

మిగిలిన ఐదింటిలో అన్నిటికన్నా బొద్దుగా ఉన్నదానికే ఎక్కువ ధర వచ్చింది. త్వరగా ఎదగాలంటే కాల్షియం సిరప్ పట్టించండి అని కొన్నవారికి సలహా ఇచ్చింది కూడా నేనే, ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మంచి మేత తినే భారీ జాతి పిల్లకు పైనుంచి కాల్షియం పోస్తే, చిన్నవయసులో దాని ఒంటికి ఆ అదనాన్ని పీల్చుకోకుండా ఆపుకోవడం చేతకాదు. ఎముకలు దెబ్బతింటాయి. ఆరు నెలలకే దాని ముందుకాళ్లు వంకర తిరిగాయి.

మరొకటి నాలుగేళ్ల వయసులో పోయింది. సాయంత్రం తిండి తిన్నాక వాంతి చేసుకోబోతుంది, ఏమీ బయటికి రాదు. పొట్ట డప్పులా బిగిసింది. అజీర్తి అనుకుని ఇంట్లోవాళ్లు వాము నీళ్లు పట్టారట. కడుపు గ్యాసుతో ఉబ్బి మెలిపడిపోతే చేతిలో ఉండేది కొన్ని గంటలే. లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతులకు ఈ ముప్పు ఎక్కువ, దగ్గరి రక్తసంబంధంలో ఎవరికైనా వచ్చి ఉంటే ఇంకా ఎక్కువ. గంగకు జత చేసిన మగకుక్క తండ్రి కూడా ఇలాగే పోయిందని నాకు తర్వాత తెలిసింది. నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. నేను చూసిందల్లా దాని ఎత్తు.

గ్రేట్ డేన్ సాధారణంగా ఏడు నుంచి పదేళ్లు బతుకుతుంది. చిన్న జాతులు చాలావరకు పన్నెండు, పదిహేనేళ్లు ఉంటాయి. గుండె కండరం సాగిపోయే జబ్బు, ఎముకల క్యాన్సర్ డేన్‌లలో తరచుగా చూస్తాం. కుక్కల పరిమాణంలో ఐజీఎఫ్-1 అనే ఒక్క జన్యువుకు ఎంత పెద్ద పాత్ర ఉందో 2007లో శాస్త్రవేత్తలు చూపించారు. ఎన్నుకుని దాటిస్తూ పోతే పరిమాణం కొద్ది తరాల్లోనే మారుతుంది. గుండె, కీళ్లు అంత తొందరగా సర్దుకోవు.

చిన్నగా చేసినా ఇదే గొడవ. ‘టీకప్’ అని అమ్మేది ఒక జాతి కాదు, ఏ ప్రధాన కెన్నెల్ క్లబ్బూ దాన్ని గుర్తించదు. మా మరదలు కొన్న అరచేతి పామరేనియన్ ఒక పూట తిండి తప్పితే రక్తంలో చక్కెర పడిపోయి తూలేది. మోకాటి చిప్ప జారేది, ఊపిరి నాళం కుంగిపోవడం వల్ల బాతులా దగ్గేది. బాతులంటే గుర్తొచ్చింది, మన కొల్లేరు వైపు బాతుల మందలను తోలే జోనంగి కుక్కలను చూడండి. మధ్యస్థంగా ఉంటాయి. పని చేసే కుక్కను ఉంచుకున్నారు తప్ప ఎత్తు కొలిచి ధర కట్టినవారు లేరు.

చట్టం సంగతి కూడా చూసుకోండి. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పద్దెనిమిది నెలలు నిండకుండా పిల్లలు పెట్టించకూడదు. ఏడాదికి ఒక్క కాన్పే, జీవితంలో ఐదుకు మించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. బ్రీడర్‌కు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. మీ బ్రీడర్‌ను ముందు ఆ కాగితం అడిగితే సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

ఇప్పటికి మూడు వారాలపాటు దాన్ని మగకుక్కలకు దూరంగా ఉంచండి, గేటు దాటనివ్వకండి. రెండేళ్లు నిండాక తుంటి కీళ్లకు ఎక్స్‌రే, గుండెకు ఎకో తీయించండి. రెండూ బాగుండి, ఇంకా పిల్లలు కావాలనే ఉంటే మగకుక్కవి కూడా అవే కాగితాలు అడగండి. దాని తల్లిదండ్రులు ఏ వయసులో, దేనివల్ల పోయాయో అడగండి. పిల్లలు వద్దనుకుంటే మాత్రం, గర్భసంచి తీయించే రోజునే జీర్ణాశయాన్ని పొట్ట లోపలి పక్కగోడకు కుట్టేయమని డాక్టరుతో మాట్లాడండి, మెలిపడే ప్రమాదం చాలా తగ్గుతుంది. గంగకు మేము ఆ తర్వాతి ఏడాది అదే చేయించాం. తొమ్మిదేళ్లు బతికింది.