అంతా దేవుడి చిత్తమే అయితే పాపం ఎవరిది?

“దేవుడు అన్నీ ముందే నిర్ణయించి ఉంటే, పాపం చేశాడని మనిషిని శిక్షించడం ఏం న్యాయం?” అని అడిగారు. చెన్నైలో తెలుగు క్రైస్తవ సంఘంలోనే పుట్టి పెరిగినదాన్ని, ఈ మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను. దెబ్బ తిన్నవాళ్లు ఇలా అడగరు. వాళ్లు “నాకే ఎందుకు ప్రభువా” అని ఏడుస్తారు. “అంతా ఆయన చిత్తమే కదా, నన్నంటారేం” అనేది ఎప్పుడూ దెబ్బ కొట్టినవాళ్లే.

పెరంబూరు దగ్గర మా సంఘంలో ఒకాయన చీటీలు నడిపేవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక అక్కడే చీటీ పాట, అంటే వేలం. ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో రిటైరైనవాళ్లు, ఇళ్లలో పనిచేసుకునేవాళ్లు, అందరూ కట్టారు. ఒకరోజు మనిషి మాయమయ్యాడు. కొన్ని నెలలకు తిరిగొచ్చి, పెద్దల ముందు కూర్చుని, బైబిల్లో పౌలు రాసిన లేఖ, రోమా పత్రిక 9వ అధ్యాయం తీసి, మట్టి మీద కుమ్మరికి అధికారం లేదా అనే వాక్యం చదివాడు. ఆయన చిత్తం లేనిదే ఏదీ జరగదన్నాడు. పెద్దల్లో కొందరు తలలూపారు కూడా! అప్పుడు వెనక బల్ల మీద నుంచి ఇడ్లీలమ్మే అక్క లేచింది. నూనె మరకలతో అట్ట మెత్తబడిపోయిన చీటీ పుస్తకం ఆయన ముందు పెట్టి, “తమ్ముడూ, నెలనెలా డబ్బు ముట్టిందని సంతకం పెట్టింది నువ్వు. ఇందులో దేవుడి సంతకం ఎక్కడుందో చూపించు” అంది.

మీ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు అదే. పౌలుకీ ఈ ప్రశ్న ఎదురైంది, ఆ అధ్యాయంలోనే 19వ వచనం చూడండి. కానీ అదే పత్రికలో మొదటి మూడు అధ్యాయాలూ ఎవరికీ సాకు లేదని తేల్చాకే ఆయన అక్కడిదాకా వచ్చాడు. ఆ ముందుమాట వదిలేసి కుమ్మరి దగ్గర మొదలుపెడితే ఎలా? లూకా 22:22లో యేసు ఒకే వాక్యంలో రెండూ చెప్పాడు. మనుష్యకుమారుడు (అంటే తానే) నిర్ణయమైన ప్రకారమే వెళ్తున్నాడు, అయినా ఆయన్ని అప్పగించేవాడికి అయ్యో అని. నిర్ణయం ఉంది కాబట్టి యూదా తప్పు లేదని ఆయన అనలేదు.

యూట్యూబ్‌లో అమెరికా ప్రసంగాలు విని కాల్విన్ (అంతా దేవుడి నిర్ణయమేనన్న బోధకుడు), అర్మీనియస్ (మనిషి ఎంపికకూ చోటుందన్న బోధకుడు) అంటూ వాట్సాప్ గ్రూపుల్లో కొట్లాడుకునే మన కుర్రాళ్లకు ఒక మాట. అర్మీనియస్ అనుచరుల వాదాన్ని తోసిపుచ్చి, దేవుని ఏర్పాటునే, అంటే రక్షణ పొందేవాళ్లను ఆయనే ముందుగా ఎన్నుకున్నాడన్న బోధనే గట్టిగా నిలబెట్టిన, నెదర్లాండ్స్‌లో జరిగిన డోర్ట్ సభ (1618-19) కూడా అవిశ్వాసానికీ పాపాలకూ కారణం దేవుడిలో లేదు, మనిషిలోనే ఉందని రాసింది. ఆ విషయంలో ఇరుపక్షాలకూ తేడాయే లేదు. అంత తీవ్రంగా వాదించినవాళ్లే దేవుడి మీదికి నెట్టని నేరాన్ని మనం ఎంత సులువుగా నెట్టేస్తున్నాం!

ఇంకో బాధ కూడా చెప్పాలి. ఆరోజు ప్రార్థనతో ముగించేద్దామని తొందరపడి, క్షమించమ్మా అని ఆ అక్కనే బతిమాలారు. డబ్బు పోయినవాళ్లకు క్షమాపణ మీద ప్రసంగం, తిన్నవాడికి కృప మీద ప్రసంగం. ఎన్ని సంఘాల్లో చూశానో ఈ తంతు! బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య సంగతి చూడండి. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని నిలబడి చెప్పాడు. ఆ తర్వాతే యేసు, నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు. నష్టపోయినవాళ్లను పిలిచి సర్దుకుపొమ్మనలేదు.

అక్క పట్టు వదలకపోబట్టి చివరికి నెలకింత చొప్పున తిరిగి కట్టేలా కాగితం రాయించారు. అదీ అసలు మాత్రమే, వడ్డీ లేదు. పెద్దలకది న్యాయంగా తోచింది, నాకు మాత్రం ఇప్పటికీ తోచడం లేదు.